భక్తిచిత్రానికి తూనిక ఏది?

భక్తి రసమా, కేవలం భావమా అన్న వివాదం సినిమా పుట్టుకకు ఎన్నో శతాబ్దాల ముందే అలంకారశాస్త్రంలో మొదలైంది. భరతుడు నాట్యశాస్త్రంలో లెక్కించిన ఎనిమిది రసాలలో భక్తి లేదు. 11వ శతాబ్దికి చెందిన మమ్మటుడు కావ్యప్రకాశంలో దైవం పట్ల కలిగే రతిని, అనగా ప్రీతిని, భావం స్థాయిలోనే నిలిపివేశాడు. 16వ శతాబ్దిలో రూపగోస్వామి ఆ తీర్పును తిరగదోడి భక్తికి రసాలన్నింటిలోనూ అగ్రస్థానమిచ్చాడు. మనసులో కదిలే స్థితి భావం కాగా, ఆ స్థితి కళ ద్వారా సొంత లాభనష్టాల సంబంధాన్ని వదలి అందరికీ ఆస్వాదించదగినదైతే అది రసం. తెలుగు భక్తిచిత్రాల విషయంలో విమర్శకులకూ ప్రేక్షకులకూ కుదరని పొత్తు ఈ పాత తగవుకు కొనసాగింపుగానే తోస్తుంది.

1960లో పి. పుల్లయ్య తీసిన 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం' ఆడిన థియేటర్లలో స్వామి విగ్రహం నెలకొల్పి హుండీ పెట్టారనీ, తిరుమల యాత్ర ముగించుకున్నవారు మద్రాసు దాకా పోయి స్వామి పాత్ర ధరించిన ఎన్.టి. రామారావును చూసి వచ్చేవారనీ సినిమా చరిత్రలు చెబుతాయి. రసానుభవానికి అడ్డుపడే విఘ్నాలలో ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశుడైపోవడం ఒకటని అలంకారికుడు అభినవగుప్తుడు అన్నాడు కనుక, ఆ లెక్కన తెర ముందు కర్పూరం వెలిగించేవాడు రసికుడు కాలేడు. విమర్శకుడి ముభావానికి శాస్త్రబలం ఇక్కడ ఉంది. అయితే అభినవగుప్తుడి దృష్టిలో ఉన్నది శిక్షితుడైన సహృదయుడే గాని, నాటకశాలకూ గుడి మండపానికీ మధ్య గోడ కట్టుకోని పల్లె ప్రేక్షకుడు కాదు; హరికథకూ తోలుబొమ్మలాటకూ అలవాటుపడిన ఆ ప్రేక్షకుడు దణ్ణం పెడుతూనే భాగవతుల గొంతులోని జీరను కూడా పట్టుకోగలడు.

ఇంతకీ ఆ భక్తుడు ఏది చూపినా మొక్కుతాడన్న అభిప్రాయం నిలవదు. 1997లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో నాగార్జున నటించిన 'అన్నమయ్య'ను నెత్తిన పెట్టుకున్న జనమే, అదే దర్శకుడు, అదే నటుడు, అదే సంగీత దర్శకుడు కీరవాణి కలసి వేంకటేశ్వరుడి మరో భక్తుడు హాథీరామ్ బాబా కథతో 2017లో తెచ్చిన 'ఓం నమో వేంకటేశాయ'ను అంతగా ఆదరించలేదు. స్వామి మారలేదు, ఆయన మీది నమ్మకమూ తగ్గలేదు; కనుక తూకం వేసింది కళనే అనుకోవాలి. ఆ తూకానికి సమీక్షల భాష లేదు, అంతే.

'అన్నమయ్య'పై వచ్చిన ఆక్షేపణలలో ముఖ్యమైనది శృంగారం పాలు ఎక్కువైందన్నది, మహాభక్తుడి జీవితంలోకి రాఘవేంద్రరావు మార్కు యుగళగీతాలు చొరబడ్డాయన్నది. తిరుమలలో దొరికిన అన్నమయ్య రాగిరేకులను చూస్తే ఆ ఆక్షేపణ సగమే నిలుస్తుంది. వాటిలోని సంకీర్తనలు అధ్యాత్మ, శృంగార విభాగాలుగా ఉన్నాయి, వాటిలో శృంగారానివే చాలా ఎక్కువ. సినిమాలో బావామరదళ్ల సరసంగా సాగే యుగళగీతం సాక్షాత్తు అన్నమాచార్యుడి పదమే. ఆధ్యాత్మికతకు శృంగారం మైల అన్న భావన మన విమర్శలో ఎప్పుడు చేరిందో వేరుగా విచారించవలసిన సంగతి. శృంగారం ఉన్నందుకు గాక, దాన్ని అలంకరించిన తీరుకు, నాయికలను అలవాటైన సినిమా పద్ధతిలో చూపినందుకు ఆ చిత్రాన్ని నిలదీసి ఉంటే విమర్శ పదునెక్కేది.

పాట విషయంలో చిక్కు మరికాస్త ముదురుతుంది, ఎందుకంటే భక్తిగీతం సినిమా నుంచి విడివడి గుడి మైకులోకి, పెళ్లి పందిట్లోకి చేరాక దాన్ని కథలో భాగంగా తూచడం కుదరదు. ముందు చెప్పిన 1960 నాటి చిత్రంలో ఘంటసాల వేంకటేశ్వరరావు కథలోని పాత్రలకు గొంతు అరువివ్వడంతో ఆగక స్వయంగా తెర మీద కూర్చుని స్వామిని కీర్తిస్తాడు. కథానిర్మాణం దృష్టితో అది ఆటంకమే, కథను ముందుకు జరపని వ్యవధి. కాని ఆ కొద్ది నిమిషాలూ చూసేవాడికీ పాడేవాడికీ మధ్య పాత్ర అనే అడ్డు లేదు గనుక, అక్కడ నటన ఎలా ఉందని అడగడానికి విమర్శకుడికి ఆస్కారం లేదు, పాట ఎలా ఉందని అడిగే హక్కు మాత్రం హాలులోని చివరి బెంచీ దాకా అందరికీ ఉంది.