సాక్షి ఎక్కడ నిలబడ్డాడు?

చీకట్లో తీసిన ఫొటోని కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే ఆకాశమంతా రంగురంగుల చుక్కలు కనిపిస్తాయి. అదే నాయిస్. కెమెరా చవకది కాబట్టి వచ్చిందనీ, ఇంకో రెండు వేల డాలర్లు పోస్తే పోతుందనీ చాలామంది అనుకుంటారు. కొంత పోతుంది కూడా. మిగిలింది మాత్రం ఎంత పోసినా పోదు, ఎందుకంటే అది వెలుతురులోనే ఉంది. కాంతి ధార కట్టి కారదు, చినుకుల్లా పడుతుంది. సెన్సర్ మీద ఒక గడిలో సగటున 100 ఫోటాన్లు పడాల్సిన చోట ఒకసారి 90 పడతాయి, ఇంకోసారి 110. అంటే 10 శాతం తేడా. అదే గడిలో 10,000 పడితే అటూఇటూ ఓ వంద, అంటే ఒక్క శాతం. పట్టపగలు ఫొటో నున్నగా ఉండటానికీ, వెన్నెల ఫొటో గరగరలాడటానికీ అసలు కారణం ఇదే.

నేనుండేది బేకర్స్‌ఫీల్డ్‌లో. ఆస్పత్రి ల్యాబులో పని. స్లయిడ్ మీద ఏది కణం, ఏది రంగు మరక అని తేల్చి చెప్పడమే నా ఉద్యోగం కాబట్టి ఈ నాయిస్ గొడవ నాకు కొత్తగా అనిపించలేదు. సెలవు దొరికితే 395 హైవే పట్టుకుని లోన్ పైన్ వెళ్తాను. పడమటి వైపు గోడ కట్టినట్టు సియెరా నెవాడా, ఆ గోడ ముందు ఆలబామా హిల్స్ బండలు. మా అన్నయ్య కూతురు కూడా వస్తానంటే ఇక పండగే, వంట బాధ్యత దానిది.

నాయిస్‌కి పాత మందు ఒకటుంది: ఇంకాసేపు చూడటం. ట్రైపాడ్ కదపకుండా ఒకే దృశ్యాన్ని 16 సార్లు తీసి సగటు కడితే నాయిస్ నాలుగో వంతుకి దిగుతుంది. వర్గమూలం లెక్క, అంతే. (నక్షత్రాలు కదులుతాయి కాబట్టి ఆకాశాన్ని విడిగా సర్దుకోవాలి. ఆ తలనొప్పి ఇక్కడ వద్దు.) సగటుకి బదులు మీడియన్ తీసుకుంటే ఇంకో విచిత్రం జరుగుతుంది. ప్రతి గడిలో మధ్య విలువ మాత్రమే నిలుస్తుంది కాబట్టి, ఒకటి రెండు ఫ్రేముల్లోనే ఉన్నదేదైనా మాయమైపోతుంది. దారినపోయే కారు దీపాలు, విమానం గీత, టార్చిలైటు పట్టుకుని బండల మధ్య నడుస్తున్న మనిషి, ఏవీ మిగలవు. కొండ మిగులుతుంది.

మా ఊళ్లో ఆదివారాలు ఒకరింట్లో ఒకరం చేరి వేదాంతం వింటాం. చెప్పేది గుంటూరు జిల్లా నుంచి వచ్చిన రిటైర్డ్ ఇంజినీరు, మేమంతా మాస్టారు అంటాం. మూడు కాలాల్లోనూ బాధితం కానిదే సత్యం, వచ్చిపోయేది మిథ్య అని ఆయన చెబుతున్న రోజున ఈ మీడియన్ సంగతి చెప్పాను. ఆయన పొంగిపోయారు. “చూశావా అమ్మా, మీ మిషను కూడా అద్వైతమే మాట్లాడుతోంది!” అన్నారు.

నాకంత సంబరం కలగలేదు. నా కెమెరా చూసింది మూడు కాలాల్ని కాదు, ఓ పావుగంటని. ఆ పావుగంటలో కదలనిదాన్ని సత్యమనీ, కదిలిందాన్ని మిథ్య అనీ తేల్చేసింది. కానీ ఆ కొండ కదలనిదేం కాదు. 1872 మార్చి 26 తెల్లవారుజామున అక్కడ భూమి బద్దలై లోన్ పైన్‌లో 27 మంది చచ్చిపోయారు. ఊరి బయట వాళ్లలో కొందరి సమాధి ఉంది, ఫాల్ట్ విరిగిన గట్టు ఇప్పటికీ కంటికి కనిపిస్తుంది. మన ఎక్స్‌పోజర్ పొట్టిది కాబట్టి కొండ స్థిరంగా ఉంది. బౌద్ధ తార్కికుడు దిగ్నాగుడైతే ఇంకో మెట్టు పైకెళ్లి, ఆ పదహారు ఫ్రేములే ప్రత్యక్షం, వాటిని కలిపి ‘కొండ’ అనుకోవడం నీ కల్పన అనేవాడు. ఆంధ్రదేశపు రాజధాని దగ్గర ఓ కొండ మీద కూర్చుని ఆయన తర్కశాస్త్రం రాశాడని హ్యూయెన్‌త్సాంగ్ రాసుకున్నాడు. మాస్టారికి బౌద్ధుల పేరెత్తితే పడదు, కాబట్టి ఆ ముక్క ఆయనతో అనలేదు.

ఈమధ్య పదహారు సార్లు తీసే ఓపిక ఎవరికీ ఉండటం లేదు. ఒకే ఫ్రేము తీసి, ఏఐ డీనాయిజ్ బటన్ నొక్కితే ఆకాశం పట్టుబట్టలా వస్తుంది. నేనూ వాడతాను. ఒకసారి నీడలో ఉన్న బండ ఒకటి తేడాగా కనిపించి దగ్గరికి జూమ్ చేశాను. ఆ బండ మీద నారింజరంగు నాచు మరక ఉందని నాకు తెలుసు, పొద్దున చేత్తో తడిమాను. ప్రోగ్రాం దాన్ని నిలువు పగులు చేసి పెట్టింది. చక్కని పగులు, అంచులు పదునుగా, లోపల నీడతో సహా. నాయిస్ గింజల మధ్య దానికి దొరికిన ఆధారం చాలా తక్కువ. అంతకుముందు అది నేర్చుకున్న లక్షల ఫొటోల్లో అలాంటి చోట పగుళ్లుండేవి కాబోలు, తెచ్చి ఇక్కడ అతికించింది.

శంకరులు బ్రహ్మసూత్ర భాష్యాన్ని బ్రహ్మంతో మొదలుపెట్టరు, ఈ అతికింపుతో మొదలుపెడతారు. ఎక్కడో ముందు చూసింది జ్ఞాపకంగా వచ్చి ఇంకోచోట కనిపించడమే అధ్యాస అని ఆయన నిర్వచనం. ఆయనిచ్చిన ఉదాహరణలు కూడా కళ్లకి సంబంధించినవే: ముత్యపుచిప్ప వెండిలా మెరవడం, ఒక్క చంద్రుడు ఇద్దరిలా కనిపించడం. డీనాయిజ్ పనితీరుకి ఇంతకంటే మంచి మాన్యువల్ నేను చదవలేదు. పదహారు ఫ్రేములు కలిపే స్టాకింగ్‌లో నాయిస్ పోయేది ఎక్కువ చూడటం వల్ల. ఇక్కడ పోయేది ముందే తెలుసుననుకోవడం వల్ల. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే రెండోదే అందంగా ఉంటుంది, అదీ చిక్కు. నాయిస్‌లో కనీసం వినయం ఉంది, ఇక్కడ నాకు సరిగా తెలియలేదని ఒప్పుకుంటుంది. పగులు ఒప్పుకోదు.

ఇంత చెప్పినా, నాయిస్ తీయడం చిన్న తప్పే. పెద్ద తీసివేతలు కంపోజిషన్‌లో జరుగుతాయి. షట్టర్ నొక్కకముందే, కాలు ఎక్కడ పెట్టామన్న దగ్గరే అయిపోతాయి.

లోన్ పైన్ దగ్గర ఆన్సెల్ ఆడమ్స్ 1944లో తీసిన ‘వింటర్ సన్‌రైజ్’ చూసే ఉంటారు. పైన ఎండ తగిలిన మంచు శిఖరాలు, మధ్యలో నల్లటి గుట్టలు, కింద వెలుగు పడిన పచ్చికలో మేస్తున్న గుర్రం. కారు కప్పు మీద కట్టుకున్న బల్లపై పెద్ద కెమెరా బిగించి, చలిలో వణుకుతూ ఆ వెలుతురు కోసం పొద్దునపొద్దునే కాచుకున్నాడాయన. తీరా వెలుతురొస్తే గుర్రం వెనక్కి తిరిగి నిలబడింది. అది పక్కకి తిరిగేదాకా ఆగి నొక్కాడు. అదే ఫొటోలో ఎడమవైపు గుట్ట మీద లోన్ పైన్ హైస్కూలు పిల్లలు సున్నంతో దిద్దిన రెండు పెద్ద అక్షరాలుండేవి, ఎల్, పి. ఆడమ్స్‌కి అవి కొండకి పట్టిన గాయంలా తోచాయి. నెగటివ్ మీద వాటిని రుద్దేశాడు, ప్రింటులో మిగిలిన జాడని కుంచెతో పూడ్చాడు. ఈ సంగతి ఎవరో కనిపెట్టింది కాదు, 1983లో తన పుస్తకంలో ఆయనే రాశాడు.

మాస్టారి సూత్రం ఇక్కడ తలకిందులైంది. కదలకుండా ఉన్న అక్షరాలు పోయాయి, క్షణంలో తల తిప్పిన గుర్రం మిగిలింది. నిలిచేదే సత్యం అన్న లెక్కలో ఆ ఫొటో తయారుకాలేదు, కొండంటే మనిషి చెయ్యి పడనిదై ఉండాలన్న ఒక కోరికతో తయారైంది. అదీ అధ్యాసే. నా ప్రోగ్రాం లేని పగులు తెచ్చిపెట్టింది, ఆడమ్స్ లేని ఏకాంతం తెచ్చిపెట్టాడు. ఆయన ఒప్పుకున్నాడు, అది పెద్దరికం. అయినా గోడకి వేలాడేది ఫొటో, ఒప్పుకోలు పుస్తకంలో ఉండిపోతుంది.

ఆ రోజుల్లో ఆయన ఆ చుట్టుపక్కలకి వచ్చింది కొండల కోసమే కాదు. ఊరికి ఉత్తరంగా పది మైళ్ల దూరంలో మాంజనార్ ఉంది. 1942 ఫిబ్రవరిలో రూజ్వెల్ట్ సంతకం చేసిన ఉత్తర్వుతో పశ్చిమతీరంలోని జపనీస్ అమెరికన్లని ఇళ్లలోంచి లేపుకొచ్చి, పదివేల మందిని ఆ ఎడారిలో బారకాసుల్లో పెట్టారు. ఆడమ్స్ 1943లో వెళ్లి వాళ్ల బతుకుని ఫొటోలు తీశాడు, పుస్తకం వేశాడు. వాళ్లూ అందరిలాంటి పౌరులేనని చెప్పడం ఆయన ఉద్దేశం. యుద్ధం నడుస్తుండగా ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ఆ ఫొటోల్లో ఒకటి క్యాంపు మొత్తాన్ని పైనుంచి చూపిస్తుంది. బారకాసుల వరసలు, వెనక సియెరా, చూడముచ్చటైన కంపోజిషన్. అంత ఎత్తు ఎక్కడినుంచి వచ్చిందో దాని పేరులోనే ఉంది: కాపలా టవర్ మీదినుంచి తీసింది. టవర్ మాత్రం ఫ్రేములో లేదు. ఉండే వీలూ లేదు, అది ఆయన కాళ్ల కింద ఉంది.

అదే క్యాంపులో టోయో మియాటాకే అనే ఫొటోగ్రాఫర్ ఖైదీగా ఉన్నాడు. లాస్ ఏంజెలెస్‌లో స్టూడియో నడిపినవాడు. ఖైదీల దగ్గర కెమెరా ఉండకూడదు కాబట్టి ఒక లెన్సు దాచి తెచ్చి, చెక్కతో పెట్టె చేసుకుని తీశాడు. ఆయన ఫొటోల్లో ముళ్లకంచె ఉంది, దాని వెనక పిల్లలున్నారు. ఇద్దరి కెమెరాల ముందూ ఒకటే కొండ.

దృక్కు వేరు, దృశ్యం వేరు, చూసేవాడు చూడబడేదాంట్లో ఉండడు అని మాస్టారు ఎన్నోసార్లు చెప్పారు. సాక్షికి ఏదీ అంటదు. ఆత్మ విషయంలో ఆ మాట నిజమే కావచ్చు, కాదనేంత చదువు నాకు లేదు. ఫొటోలు తీసేవాళ్లం ఆ బిరుదు అరువు తెచ్చుకుంటామే, అక్కడే నాకు అభ్యంతరం. “సాక్షికి కాళ్లుండవమ్మా” అన్నారాయన నవ్వుతూ. ఫొటోగ్రాఫర్‌కి ఉంటాయి మాస్టారూ, ఆ కాళ్లు ఏదో ఒకదాని మీద ఉంటాయి. ఫ్రేములో లేనంత మాత్రాన అది మిథ్య అయిపోదు, నిజానికి మిగతా దృశ్యాన్నంతా మోస్తున్నది అదే.

మాంజనార్ ఇప్పుడు జాతీయ చారిత్రక స్థలం. ఒక కాపలా టవర్‌ని మళ్లీ కట్టి నిలబెట్టారు. పోయిన శీతాకాలం పొద్దున్నే వెళ్లాం. మౌంట్ విలియమ్సన్ మీద గులాబీరంగు వెలుగు, సరిగ్గా మూడో వంతు గీత మీద టవర్. మా పిల్ల స్క్రీన్ చూసి, “అత్తా, ఆ టవర్ తీసెయ్యి, కాలెండర్‌కి పంపొచ్చు” అంది. మా తెలుగు సంఘం ఏటా కాలెండర్ వేస్తుంది, అమెరికా అందాలు పన్నెండు. పది అడుగులు ఎడమకి జరిగితే టవర్ ఫ్రేములోంచి దానంతటదే పోయేది. సాఫ్ట్‌వేరే అక్కర్లేదు, ఎవరూ మోసమనరు కూడా. అందుకే జరగలేదు. నాయిస్ తీశాను, పదహారు ఫ్రేములతో, టవర్ ఉంచాను.

కమిటీవాళ్లు మర్యాదగా తిప్పి పంపారు. పండగ నెలలో జైలు ఎందుకండీ, అన్నారు. వాళ్ల బాధ వాళ్లది. ఆ నెలకి యోసెమిటీ లోయ వేశారు, మంచి ఫొటో, నాయిస్ లేదు, అడ్డం ఏమీ లేదు. అక్కడ ఫ్రేముకి అడ్డొచ్చే అవానీచీ జనాల గుడిసెల్నీ తిండిగింజల్నీ తగలబెట్టి, 1851లోనే మారిపోసా బెటాలియన్ వాళ్లని వెళ్లగొట్టింది.