సున్నా చెప్పే సాక్ష్యం

సి భాష నేర్చుకునేవాళ్ళు రాసే మొట్టమొదటి ప్రోగ్రాము తెరమీద ఒక పలకరింపు అచ్చు వేసి ముగుస్తుంది. లినక్స్‌లో ఆ పలకరింపుని తెరకి బదులు డెవ్-ఫుల్ అనే ఉత్తుత్తి పరికరానికి మళ్ళించి చూడండి. ఏం రాయబోయినా "చోటు లేదు" అనడమే దాని ఉద్యోగం. లోపాల పట్టికలో ఆ మాట సంఖ్య 28. ఒక్క అక్షరం కూడా ఎక్కదు. ప్రోగ్రాము మాత్రం సున్నా చెప్పి తప్పుకుంటుంది. యూనిక్స్ లోకంలో సున్నా అంటే అంతా సవ్యం.

ఇది అబద్ధమేనా? కెర్నెల్ ఏమీ దాచలేదు. మైనస్ ఒకటి చేతిలో పెట్టింది, కారణం ఎర్‌నోలో రాసింది. ప్రోగ్రామే అడగలేదు. తెలిసి తప్పు చెబితే అబద్ధం అంటాం, సరే. తెలుసుకునే వీలుండీ కనుక్కోకుండా "అయిపోయింది" అనేవాణ్ణి ఏమనాలి?

1877లో విలియం క్లిఫర్డ్ నమ్మకానికి ఉండాల్సిన నీతి గురించి ఒక వ్యాసం రాశాడు. అందులో ఓ ఓడ యజమాని తన పాత ఓడ మీద అనుమానాల్ని తానే బుజ్జగించుకుని జనాన్ని ఎక్కించి పంపేస్తాడు. ఓడ క్షేమంగా చేరినా వాడు దోషే అంటాడు క్లిఫర్డ్. నాదీ అదే మాట. ఫైలు నిజంగానే డిస్కు మీదికి చేరి ఉండొచ్చు, కానీ చేరిందని చెప్పే హక్కు ఆ ప్రోగ్రాముకి లేదు.

పోనీ, అడిగితే చాలా? 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ రాసేవాళ్ళకి ఈ చిక్కే వచ్చింది. రాసినది డిస్కుకి చేరిందా అని గట్టిగా నిలదీసే పిలుపు ఎఫ్‌సింక్. అది విఫలమైతే ఇంకోసారి పిలవచ్చని వాళ్ళు ఏళ్ళతరబడి నమ్మారు. లినక్స్ ఏమో లోపాన్ని ఒకసారి చెప్పేశాక, చాలా ఫైల్‌సిస్టమ్‌లలో, ఆ పేజీలు రాసేసినట్టే లెక్క కట్టుకునేది. రెండోసారి అడిగితే సున్నా వచ్చేది. సమాచారం మాత్రం డిస్కు మీద ఉండేది కాదు. పాత కెర్నెళ్ళలోనైతే ఆ మొదటి కబురు వేరే ప్రాసెస్ చెవిన పడి అక్కడితో ఖర్చయిపోయేది కూడా!

2019 ఫిబ్రవరి విడుదలల నుంచి వాళ్ళు పద్ధతి మార్చారు. ఎఫ్‌సింక్ ఒక్కసారి తప్పితే చాలు, డేటాబేస్ తనంతట తానే కూలిపోతుంది. మళ్ళీ లేచి, ముందే రాసిపెట్టుకున్న లాగ్ చూసుకుంటూ పని తిరిగి చేస్తుంది. వాడేవాళ్ళకి విసుగే. అయినా సర్వరు నడుస్తూ ఉండాలన్న మన మోజు కన్నా నాకు ఈ కూలడమే మర్యాదగా అనిపిస్తుంది.

అచ్చువేసే ప్రతి చిన్న సందేశానికీ జవాబు వెతకమని నేననను. అలా రాస్తే కోడు చదవలేం. మన మాట నమ్మి ఎదుటివాళ్ళు ఏది పారేస్తారన్నది నా కొలత. ఒక డిస్కు నుంచి మరో డిస్కుకి ఫైలు తరలించడం అంటే, లోపల జరిగేది నకలు రాసి అసలుని చెరిపెయ్యడం. నెట్‌వర్క్ డిస్కుల మీద చోటు నిండిన సంగతి ఒక్కోసారి రాసేటప్పుడు తెలియదు, ఫైలు మూసేటప్పుడు బయటపడుతుంది. చాలామంది జవాబు చూడకుండా వదిలేసే పిలుపు అదే. దాని తరవాతి వరసలోనే ఉంటుంది, చెరిపే ఆజ్ఞ.