చల్లని మాట, వెచ్చని మాట



ఆంగ్లేయుల భాషలో ఒక నుడికారమున్నది. ఎవరి మాటైనా మనసుకు హాయినిస్తే, అది గుండెలోని 'కాకిల్స్'ను వెచ్చబరచింది అంటారు. కాకిల్ అనగా సముద్రపు ఇసుకలో బ్రతికే రెండు చిప్పల గుల్ల. గుండెకు గుల్లలెక్కడివి? 17వ శతాబ్దము నుండి వాడుకలో ఉన్న ఈ మాట పుట్టుకపై పండితులకు నేటికీ ఏకాభిప్రాయం లేదు. ఆ గుల్ల పక్కనుండి చూస్తే గుండె ఆకారంలో ఉంటుంది గనుక అలా అన్నారని కొందరు. లత్తీనులో గుండె గదులకు 'కోక్లియే' అనే పేరుండేది, అదే నోట నలిగి కాకిల్ అయినదని మరికొందరు. నాకు ఈ రెండవదే నచ్చుతుంది. ఓదార్పు గుండె లోపలి గదుల దాకా పోవాలి గదా!

గుండె వేడికి నిలయమని ప్రాచీనుల తలంపు. ఆ వేడిని చల్లార్చడమే మెదడు పని అని అరిస్టాటిల్ వ్రాశాడు. కొందరి విషయంలో ఆయన చెప్పింది నిజమే అనిపిస్తుంది.

అయితే ఈ నుడికారం తెలుగులోకి దించితే తగాదా వస్తుంది. మనకు కడుపు మండినా, గుండె రగిలినా అది బాధే, కోపమే. 'నీ కడుపు చల్లగా' అని దీవిస్తాం. 'చల్లని కబురు చెప్పావు' అంటాం. చలిదేశం వానికి నెగడు ఎలాంటిదో, ఎండలో నడిచి వచ్చిన మనకు కుండనీళ్ళు అలాంటివి. ఎమ్మావు శిష్యుల హృదయాలు మండిన సంగతి (లూకా 24) చెప్పేటప్పుడు గురువు కాస్త ఆగి వివరించాలి. లేకుంటే మన అవ్వలు వారికి కోపం వచ్చిందనుకుంటారు.

హీబ్రూ భాషకు ఈ వేడి, చలువల బెడద లేదు. ఓదార్చడాన్ని 'హృదయము మీద మాట్లాడుట' అంటుంది. తండ్రి చనిపోయాక పగ తీర్చుకుంటాడేమోనని వణికిన అన్నలతో యోసేపు అలా మాట్లాడాడు (ఆది 50). వట్టి మాటతో సరిపెట్టలేదు, వారినీ వారి పిల్లలనూ పోషిస్తానన్నాడు. మనమేమో భూస్థాపన ముగిసిన సాయంత్రమే, బిడ్డను పోగొట్టుకున్న తల్లితో 'దేవుని చిత్తమమ్మా, ఏడవకూడదు' అంటాం. యోబు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేలమీద కూర్చుని నోరు మెదపలేదు. అంతవరకు బాగానే చేశారు. నోరు తెరచి దేవుని తరఫున వాదించాకనే దేవునికి వారిపై కోపం వచ్చింది. మూడు దినాలు కిక్కిరిసిన ఆ ఇంటికి మూడవ నెలలో ఎవరు వెళ్తున్నారు?

బోవసు తన హృదయము మీద మాట్లాడాడని రూతే చెప్పింది. ఆ పూట అతడు ఆమెను కూలివారి ప్రక్కన కూర్చోబెట్టి పేలాలు పెట్టాడు. కావాలనే పనలనుండి వెన్నులు లాగి జారవిడువమని పనివారికి చెప్పాడు. పేరడిగితే 'చేదు' అని చెప్పుకుంటూ ఇంట్లో కూర్చున్న అత్త నవోమికి, తాను తినగా మిగిలినది ఆమె పట్టుకెళ్ళింది.