బలార్ధము

అలిపిరి సోపానమార్గమున దాదాపు 3,550 మెట్లున్నవి. నా అరువదియారవ యేట, మోకాళ్ళ పర్వతము చెంత, ఊపిరి నోటికి వచ్చినది. "తాతయ్యా, కాస్త కూర్చుందామా?" అని మనుమడు అడిగినను, కూర్చుండుట భక్తిలోపమని తోచినది. నిజమునకు, చూచువారి యెదుట అభిమానమే భక్తివేషము కట్టినది.

భగవద్రామానుజులు ఆ పర్వతమును మోకాళ్ళతో ఎక్కిరని ప్రతీతి. కొండపై పాదము మోప వెరచి ఆ మహనీయులట్లు చేసిరి. నేనో, సత్తువ చాటుకొన నెంచితిని. వ్యాయామమున సగము బలమునే వినియోగింపుమన్న సుశ్రుతుడు, ఊపిరి నోటికి వచ్చుటయే ఆ సగమునకు గుర్తనెను. చదివియుంటిని, మరచితిని. ఈ దేహము శేషియైన స్వామి సొత్తయినచో, దానిని చెడగొట్టు హక్కు నాకెక్కడిది?

కూర్చుంటిని. ప్రొద్దెక్కిన పిదప మెల్లగా కొండ చేరితిమి. ఇప్పుడు ప్రతిదినము వేకువను గోవిందనామము పలుకుచు నడతును. నామము తడబడినచోట ఆగుదును.