సత్యమెరిగియు హృదయ మేల వెనుదీయును?



సత్యమును తెలిసికొనుట కష్టమని లోకు లందురు. గ్రంథములును, గురువులును, వాదప్రతివాదములును తెలిసికొనుటకొరకే యేర్పడియున్నవి. కాని తెలిసిన పిమ్మట మనుష్యునిలో నేమి జరుగునో విచారించువారు తక్కువ. తెలిసినది తెలిసినట్లే యుండును; నడవడి మునుపటివలెనే సాగుచుండును. సభలో నొక సద్బోధను విని కన్నీరు విడిచినవాడు, ఇంటికి బోయి యథాప్రకారముగా తన దొంగలెక్కలు వ్రాసికొనుచుండును. అది వానికి తెలియక చేయుపని కాదు. బుద్ధి యెప్పుడో యొప్పుకొన్న దానిని హృదయ మేల యొప్పుకొనదు? నేడు మేము మీతో విచారింపగోరునది ఈ యొక్క ప్రశ్నమే.

ఈ విచారణకు తర్కశాస్త్రముకంటె నొక మనుష్యుని జీవితము మేలైన యాధారమని తోచి, క్రైస్తవ భక్తులలో నగ్రగణ్యుడైన అగస్టీను చరిత్రమును గైకొంటిమి. ఇతడు క్రీ. శ. 397 మొదలు 400 ప్రాంతమువరకు, ఒప్పుకోలు అను నర్థము నిచ్చు పేరుతో, 13 భాగముల గ్రంథమును లాటిను భాషయందు రచించెను. అప్పటి కతడు హిప్పో నగరమున బిషప్పు. పీఠము నలంకరించినవాడు తన పూర్వపు దోషములను తానే వ్రాసి శిష్యుల చేతికిచ్చుట యే మతమునందైనను అరుదు. మన దేశపు పీఠములయం దిట్టి గ్రంథము వెదకిన దొరకుట మరియు నరుదు.

అగస్టీను 354వ సంవత్సరమున ఉత్తర ఆఫ్రికాలో తగాస్తె యను చిన్న పట్టణమున బుట్టెను. ఆ యూరు నేడు అల్జీరియా దేశములో సూక్ అహ్రాస్ అను పేర నున్నది. తండ్రి పూర్వదేవతల గొలుచువాడు. చివరిదినములలో మాత్రము క్రైస్తవు డయ్యెను. తల్లి మోనికా క్రీస్తునందు దృఢభక్తి గలది. కుమారుడు చదువునకై కార్తేజి నగరమునకు బోయి, అచట నొక స్త్రీతో వివాహము లేకయే కాపురముండి, పుత్రుని గనెను. 19వ యేట సిసెరో పండితుని గ్రంథ మొకటి చదివి, జ్ఞానమే జీవితమునకు గమ్యమని యుప్పొంగెను. ఆ గ్రంథము నేడు సంపూర్ణముగా లభింపదు గాని, అది యీతనిలో రగిల్చిన జ్వాల మాత్ర మారలేదు.

తరువాత నతడు మణి యను ప్రవక్త స్థాపించిన మతమున జేరెను. వెలుగునకొక మూలము, చీకటికొక మూలము గలవనియు, ఈ రెండును లోకమునందును మనుష్యునియందును నిరంతరము పోరాడుచుండుననియు ఆ మతస్థుల సిద్ధాంతము. తొమ్మిదేండ్లు అగస్టీను దానియందే యుండెను. అంతటి మేధావి కది యేల రుచించెనో అతడే పిమ్మట చెప్పినాడు: పాపము చేయునది తాను గాదనియు, తనలో జొరబడిన చీకటి యనియు తలంచుట మనస్సునకు హాయిగా నుండెనట! ఈ హాయి మనకు క్రొత్తదా? చేసినతప్పునకు తలవ్రాతను, గ్రహచారమును, కలికాలమును సాక్షులుగా బిలుచుకొను వాడుక మన యిండ్లలో నెంత సుఖముగా పాదుకొని యున్నదో చూడుడు. కలి ప్రవేశించుటకు మన తలుపు గడియ నెవరు తీసిరని యెవ్వరు నడుగరు.

ఆ మతములో ప్రఖ్యాతుడైన ఫౌస్తుసను నాచార్యుడు తన సంశయము లన్నియు దీర్చునని అగస్టీను చాలకాలము వేచియుండెను. వచ్చినవాడు మధురముగా మాటలాడెను. ప్రశ్నలకు మాత్రము సమాధానము చెప్పలేకపోయెను. ఆ దినముతో ఆ మతమునందలి ఆశ సడలెను. 383వ సంవత్సరమున తల్లికి జెప్పక, రాత్రివేళ నామెను సముద్రతీరమున విడిచి, ఓడయెక్కి రోమునకు బోయెను. మరుసటి యేడు మిలాను నగరములో వాగ్మిత్వ శాస్త్రమునకు అధ్యాపకు డయ్యెను. అచట బిషప్పైన అంబ్రోసు ప్రసంగములను, మొదట శైలికొరకే వినబోయి, క్రమముగా విషయమునకు లోబడెను. ప్లేటో సంప్రదాయపు గ్రంథములు చదివిన పిమ్మట, ఈశ్వరుడు దేహము లేనివాడనియు, చీకటి యను వేరొక మూలపదార్థము లేదనియు నిశ్చయ మయ్యెను. ఇక సంశయములలో బుద్ధి నడ్డగించునది చెప్పుకోదగినంత మిగులలేదు.

ఇచటనే అసలు కథ ప్రారంభమగుచున్నది. సంశయము లున్నంతకాలము హృదయమునకు మరుగు గలదు. ఇంకను విచారించుచున్నాను, ఇంకను చదువుచున్నాను అని చెప్పుకొనవచ్చును. సంశయములు తీరిన దినమున ఆ మరుగు తొలగి, మనము పట్టుకొని యున్నదేమో కంటికి గనబడును. అగస్టీను పట్టుకొని యున్నవి మూడు: ఉద్యోగమువలని కీర్తి, ధనముగల యింటి సంబంధము, స్త్రీసుఖము.

కీర్తినిగూర్చి యొక చిన్న సంగతి చెప్పెదము. ఒకదినమున నతడు చక్రవర్తిని పొగడుచు నుపన్యసింపవలసి యుండెను. అందులో నసత్యములు పెక్కు గలవనియు, ఆ సంగతి యెరిగినవారే చప్పట్లు గొట్టుదురనియు నతనికి దెలియును. ఆ చింతతో వీథిని బోవుచుండగా నొక బిచ్చగాడు, త్రాగి, నవ్వుచు, పరిహాసములాడుచు గనబడెను. కొన్ని కాసులు యాచించి వాడు సంపాదించుకొన్న సంతోషము పాటి సంతోషమైనను, ఇన్ని యేండ్లు శ్రమించి తాను పొందలేదని అగస్టీను మిత్రులతో జెప్పి దుఃఖించెను. దుఃఖించి, ఆ యుద్యోగములోనే యుండెను.

సంబంధము సంగతి మరియు విచారకరము. తల్లి ప్రయత్నమున మంచి వంశపు కన్య యొకతె నిశ్చయింపబడెను. ఆ కాలపు రోమను న్యాయము ననుసరించి 12 ఏండ్లు నిండినగాని కన్యకు వివాహము చెల్లదు. ఆ పిల్లకు దాదాపు రెండేండ్లు తక్కువ. వరునికి ముప్పదియేండ్లు దాటినవి! ఈ సంబంధమున కడ్డమని, పదేండ్లకు పైగా తనతో గాపురముండి పుత్రుని గన్న స్త్రీని ఆఫ్రికాకు బంపివేసిరి. పుత్రుడు తండ్రియొద్దనే నిలిచెను. ఆమె మరియొక పురుషుని నెరుగనని యీశ్వరునికి వ్రతము పట్టి వెడలిపోయెను. అగస్టీనో, రెండేండ్లు ఆగలేక, మరియొక స్త్రీని చేరదీసెను. తన హృదయము గాయపడి రక్తము స్రవించెనని యతడు వ్రాసినాడు. ఆ మాట మేము నమ్ముదుము. కాని తన తల్లిపేరు, కొడుకుపేరు వ్రాసినవాడు ఈమె పేరెచ్చటను వ్రాయలేదు. సత్యముకొరకు సర్వమును విడువలేక యితడు తడబడుచున్న కాలమున, పేరులేని యా స్త్రీ యొక్క నిశ్చయముతో విడిచెను. ఈ చరిత్రమును చెప్పు బోధకులు తరచుగా ఈమెను దాటిపోవుదురు. మేము దాటిపోజాలము.

ఇట్టి స్థితిలో నితడు ప్రార్థన మానలేదు. యౌవనమునుండియు నింద్రియనిగ్రహమును ప్రసాదింపుమని యీశ్వరుని వేడుకొనుచునే, వెంటనే ప్రసాదించునేమో యని లోలోపల భయపడెడివాడట. ఇంతకంటె నిష్కపటముగా మానవహృదయమును విప్పి చూపిన మాట మేము చూచి యెరుగము. హృదయము సత్యమును కాదనదు. కాదనుటకు ధైర్యము గావలెను. అది సత్యమునకు గడువు మాత్ర మడుగును. పిల్ల పెండ్లి కానిండు, ఇల్లు కట్టనిండు, ఉద్యోగము స్థిరపడనిండు అని యడుగును. సువార్తలలో ఆస్తిపరుడైన యొక పురుషుడు యేసునొద్దకు వచ్చిన కథ గలదు. తనకున్నది యమ్మి బీదలకిచ్చి రమ్మనగా నతడు వాదింపలేదు, ఆక్షేపింపలేదు, దుఃఖముతో వెడలిపోయెను. ఆ దుఃఖమే సాక్ష్యము. చెప్పినది యసత్యమని తోచిన నవ్వి పోయియుండును.

అగస్టీను ఈ బాధతో సింప్లిసియానసను వృద్ధుని జూడబోగా, నతడు విక్టోరినసు కథ చెప్పెను. విక్టోరినసు రోములో మహాపండితుడు. అతని విగ్రహము రోమునగర మధ్యమున నిలుపబడియుండెను. వార్ధక్యమున క్రైస్తవ గ్రంథములు చదివి, తాను క్రైస్తవుడనని యీ వృద్ధునితో రహస్యముగా జెప్పుచుండెను. సంఘములో జూచినగాని నమ్మనని యితడనగా, విశ్వాసము గోడలనుబట్టి వచ్చునా యని యతడు నవ్వెడివాడు. గోడలమాట సాకు, గొప్ప మిత్రులు విడనాడుదు రను భయము లోపలి మాట. తుదకొకనాడు ఆ భయమే సిగ్గుచేటని తోచి, తానుగా వచ్చి బాప్తిస్మమునకు బేరిచ్చెను. చాటుగా విశ్వాసమును ప్రకటించు వీలు కల్పింపబడినను, దానిని నిరాకరించి, జనులందరి యెదుట బలికెను. ఈ కథ వినగానే అగస్టీనున కట్లు చేయవలెనని మనస్సు మండెను, చేయలేకపోయెను.

చేయి నెత్తుమని మనస్సు ఆజ్ఞాపించిన చేయి లేచును. మనస్సు మనస్సునే యాజ్ఞాపించిన లేవదు. ఇదేమి వింత యని యతడు ప్రశ్నించుకొని చెప్పిన సమాధానము ఆలోచింపదగినది. లోపల రెండు స్వభావములు లేవు. ఆ సాకు మణిమతముతోనే పోయినది. ఉన్నది యొక్కటే సంకల్పము, అది సంపూర్ణముగా సంకల్పింపదు. సగము కోరును, సగము కోరదు. ఆ కోరనిసగము బలిసినది ఒక్కనాటితో గాదు. కోరికను సేవింపగా నలవాటు, అలవాటు నెదిరింపకుండగా నావశ్యకత, ఒకదానితో నొకటి పెనవైచుకొని గొలుసగును. నారపోగులు ఒక్కొక్కటిగా బసిబిడ్డ త్రెంపగలదు. పేని మోకైన పిమ్మట నేనుగును గట్టవచ్చును. ఆ పేనిన చేతులు మనవే.

386వ సంవత్సరము వేసవిలో నొకదినమున పొంతీసియానసను రాజోద్యోగి యగస్టీను నింటికి వచ్చి, త్రీర్ నగరమున నిద్దరు రాజసేవకులు ఆంథోని యను తపస్వి జీవితమును జదివి, అక్కడికక్కడే కొలువు విడిచిన వృత్తాంతమును జెప్పెను. చదువురానివారు స్వర్గము నాక్రమించుచుండగా, విద్యలన్నియు నెరిగి తాము బురదలో దొర్లుచున్నామని అగస్టీను మిత్రుడైన అలిపియసుతో మొరపెట్టి, ఇంటి తోటలోనికి బరుగెత్తెను. అచట నొక అంజూరపుచెట్టు క్రింద బడి యేడ్చుచుండగా, ప్రక్కయింటనుండి యొక పసిపాప గొంతు, తీసి చదువుమను నర్థము గల పాట పాడుచు వినబడెను. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికను దెరచి కంటబడిన వాక్యమును జదివెను. భోగములను విడిచి క్రీస్తును ధరింపుమని దాని భావము. అంతట కలవరము శాంతించెను. అలిపియసు తరువాతి వాక్యమును దనకు జెప్పినదిగా గైకొనెను. ఇద్దరును లోపలికి బోయి మోనికాకు జెప్పిరి.

ఇందులో నద్భుత మేదియని కొందరు పాప గొంతును, కొందరు పుస్తకము తెరచుకొన్న పుటను జూపుదురు. ఆ వాక్య మతడు మునుపెరుగనిదని మేము తలంపము. పౌలు పత్రికలను శ్రద్ధగా జదువుచునే యుండెను. పుట క్రొత్తది గాదు, చదివినవాడు క్రొత్తవాడు. తన బలముతో త్రెంపలేనని యొప్పుకొని నేలబడిన క్షణమున మోకు వదులయ్యెను. 387వ సంవత్సరపు ఈస్టరు పండుగనాడు అగస్టీను, పుత్రుడు అదియోదాతు, అలిపియసు మువ్వురును అంబ్రోసు చేత బాప్తిస్మము పొందిరి. ఆ యేడే తల్లి ఓస్తియా రేవుపట్టణమున మరణించెను.

కథ నిచట ముగించిన వినువారికి సంతోషముగా నుండును. కాని చరిత్ర యిచట ముగియలేదు. ఆఫ్రికాలో క్రైస్తవులు నాలుగవ శతాబ్దపు ప్రారంభమునుండియు రెండుగా చీలియుండిరి. దొనాతిస్టులను నా రెండవ పక్షమువారిని బలవంతముగా జేర్చరాదని, వాదముతోనే గెలువవలెనని అగస్టీను మొదట నమ్మెను. 405వ సంవత్సరమున చక్రవర్తి హొనోరియసు వారిపై శాసనములు చేసెను. 408 ప్రాంతమున వ్రాసిన జాబులో అగస్టీను తన యభిప్రాయము మారినదనెను. రాజశాసన భయముచేత ఊళ్లకూళ్లు మరలివచ్చుట జూచితినని కారణము జెప్పెను. మరణశిక్ష వలదని యధికారులను వేడుకొన్నమాట నిజమే. దానికై యతనిని గౌరవింతుము. అయినను మేమడుగుచున్నాము: తల్లి కన్నీరు, అంబ్రోసు వాగ్ధాటి, ప్లేటో జ్ఞానము అన్నియు గూడి యేండ్లతరబడి కదల్పలేని హృదయము నీదిగదా? ఆనాడు మిలానులో నొక భటుడు వచ్చి జరిమానా భయము జూపియుండిన, నీవు తోటలో నేడ్చియుందువా, లేక సంతకము చేసి యింటికి బోయియుందువా? భయముచేత వచ్చినవాడు దేవాలయపు గోడలలోనికి వచ్చును. విక్టోరినసు గోడల సాకు చెప్పి తప్పించుకొనెను. ఈ జనులకు గోడలే మిగిలినవి.

తనయందు జరిగిన దానిని మరచుట యెంత గొప్పవానికైనను సులభమని యిందువలన దెలియుచున్నది. అతడు పూర్తిగా మరచెనని మాత్రము మేమనము. ఒప్పుకోలు గ్రంథపు పదియవ భాగములో బిషప్పుగా తన్ను అప్పటికిని బాధించు కోరికలను, పొగడ్తయందలి ఆశను వరుసగా జెప్పుకొన్నాడు. 430వ సంవత్సరమున వాండలులను జాతివారు హిప్పో నగరమును ముట్టడించియుండగా, 75 ఏండ్ల వయస్సున జ్వరముతో మంచము పట్టెను. శిష్యుడు పొస్సిదియసు ఆ కడపటి దినములను వ్రాసియుంచెను. దావీదు పశ్చాత్తాప కీర్తనలను పత్రములపై వ్రాయించి, పడకనుండి కనబడునట్లు గోడకు దగిలింపజేసి, వానిని జదువుచు నెడతెగక యేడ్చెనట. మరణమునకు బదిదినములు ముందునుండి వైద్యులు వచ్చువేళను, ఆహారము తెచ్చువేళను దప్ప తనయొద్ద కెవ్వరిని రానీయలేదు.