పాట వినడానికే వెళ్లామంటే సరిపోతుందా?

1920 నుంచి 1933 వరకు అమెరికాలో మద్యనిషేధం అమల్లో ఉండేది. 1923లో సింగ్‌సింగ్ జైలు నుంచి బయటికొచ్చిన గూండా నాయకుడు ఓనీ మాడెన్, న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో బాక్సర్ జాక్ జాన్సన్ నడిపిన క్లబ్బును చేజిక్కించుకుని కాటన్ క్లబ్ అని పేరు మార్చాడు. దొంగచాటుగా తయారు చేయించే బీరుకు అతనికొక అంగడి కావాలి. పాటలు, నృత్యాలు అందుకు ముసుగు. ఆడి పాడేది నల్లజాతివారు. కూర్చుని చూసేది తెల్లవారు! 1925లో పోలీసులు మూయించినా మళ్లీ తెరుచుకుంది.

అక్కడికొచ్చిన పెద్దమనుషులు తాము నేరంలో భాగస్వాములమని అనుకుని ఉండరు. కాని వారి డబ్బు మాడెన్‌కే చేరింది. వారి రాకతో ఆ చోటుకు గౌరవమూ దక్కింది. గూండాకు డబ్బుకన్నా ఈ గౌరవమే పెద్ద లాభమని మా అభిప్రాయం.

మద్యం విషయంలో దైవప్రవక్త (సల్లం) తాగేవాణ్ణి మాత్రమే శపించలేదు. పిండేవాడు, మోసేవాడు, పోసేవాడు, అమ్మేవాడు, ఆ సొమ్ము తినేవాడు - ఇలా పదిమందిని పేర్కొన్నారు. మద్యం వడ్డించే చోట భోజనానికి కూర్చోవడాన్ని కూడా వారించారు.

మరి అలాంటి చోట గిన్నెలు కడిగి పిల్లల్ని పోషించుకునే పేదవాడి మాటేమిటి? అతణ్ణీ, సరదాకొచ్చిన ధనికుణ్ణీ ఒకే గాటన కట్టడానికి మాకు మనసొప్పదు. గత్యంతరం లేనివాని లెక్క అల్లాహ్‌కు తెలుసు. స్నేహితుని విందులో సీసాలు తెరిచాక కూడా "మేం తాగడం లేదుగా" అంటూ కూర్చుండిపోయే మనకు ఆ సాకు కూడా లేదు.