ఇచ్చినది తిరిగివచ్చే పరుగు

నలుగురు పాల్గొనే రిలేలో ఒకరు తమ వంతు దూరం ముగించి కర్రను తరువాతివారికి అందించగానే వారి బాధ్యత తీరిపోతుంది. ఇద్దరే జంటకట్టి, వంతులు మార్చుకుంటూ పల్లెబాటల మీద సాగించే పరుగులో మాత్రం, ఇచ్చిన కర్ర కొద్ది నిమిషాల్లోనే మళ్లీ ఇచ్చినవారి చేతికే వస్తుంది. పైకి చిన్నదిగా కనిపించే ఈ తేడా పరుగు ధర్మాన్నే మార్చివేస్తుంది.

రిలేకు తెలుగులో తగిన మాట అంచె. దూరప్రయాణాన్ని భాగాలు చేసి, ఒక్కొక్క భాగం చివర మనిషినో గుర్రాన్నో మార్చే ఏర్పాటుకు ఆ పేరు. తెలుగుకు పొరుగు భాష అయిన కన్నడంలో నేటికీ తపాలాను అంచె అనీ, తమిళంలో అంజల్ అనీ అంటారు. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా వర్ణించిన కాలినడక తపాలాలో, ఒక చేత జాబు, మరొక చేత గంటలు కట్టిన కర్ర పట్టుకొని వార్తాహరుడు పరుగెత్తుకొస్తుంటే, ఆ గంటల చప్పుడు విని తరువాతి మజిలీ మనిషి సిద్ధమయ్యేవాడు. జపాన్‌లో 1917లో క్యోటో నుంచి టోక్యో వరకు మొదటిసారి జరిగిన ఎకిడెన్ అనే రిలే పందెం కూడా పాత తపాలా మజిలీల మాటనే పేరుగా పెట్టుకుంది.

అథ్లెటిక్స్ నియమాల ప్రకారం రిలే కర్ర పొడవు 28 నుంచి 30 సెంటీమీటర్లు, బరువు కనీసం 50 గ్రాములు. అందుకునేవారి చెయ్యి తగలడంతో మార్పిడి మొదలై, కర్ర వారొక్కరి చేతిలోనే నిలిచినప్పుడు పూర్తవుతుంది. ఆ నడిమి రెప్పపాటులో అది ఇద్దరిదీ. చెమటతో తడిసి, దుమ్ము అంటి, వెచ్చగా ఉన్న ఆ కర్రను పట్టుకోగానే తోటివారు ఎంత అలసిపోయారో మాట అవసరం లేకుండానే తెలుస్తుంది.

వంతు కోసం వేచి ఉండే సమయంలో గుండెదడ తగ్గాలి, ఊపిరి కుదుటపడాలి. అయితే ఆ సమయం ఎంతసేపన్నది తోటివారి కాళ్లలో ఉంది. వారు వేగంగా వస్తే జంటకు మేలు, వేచి ఉన్నవారికి మాత్రం విశ్రాంతి తక్కువ. అలాగే, తోటివారికి సాయపడాలన్న ఆవేశంతో ఒకరు శక్తికి మించి పరుగెత్తితే, వచ్చే వంతులో కుంగిపోయి ఆ భారాన్ని వారిమీదనే మోపుతారు. అందువల్ల ఇక్కడ తన బలాన్ని కాచుకోవడం స్వార్థమూ కాదు, ఉన్నదంతా ధారపోయడం త్యాగమూ కాదు. రెండింటికీ కొలమానం ఎదుటివారి ఊపిరే. ఒకరి చేలో చేసిన పనికి మారుగా వారు వచ్చి పనిచేసిపెట్టే ముయ్యి పద్ధతిని ఎరిగిన రాయలసీమ రైతుకు ఈ లెక్క కొత్తది కాదు.

పోయినది తిరిగివచ్చిన కథ ఒకటి చిత్తూరు సీమ ఏటి పేరులోనే ఉంది. అక్కడి పూతలపట్టు నియోజకవర్గంలో ఉన్న కాణిపాకం పక్కన పారే ఏరు బాహుద. బాహువులను ఇచ్చినది కనుక ఆ పేరు. శంఖలిఖితులనే అన్నదమ్ములలో తమ్ముడు అడగకుండా పండు తిన్నందుకు రాజు అతని చేతులు నరికించగా, బాహుదలో మునిగి అతడు వాటిని తిరిగి పొందాడని కథ. మహాభారత శాంతిపర్వంలో తమ్ముణ్ణి శిక్ష కోరమని రాజు దగ్గరికి పంపినదీ, ఆ తరువాత నదికి పంపినదీ అన్నగారే. జంటలో నియమమూ ప్రేమా ఒకే మనిషి నుంచి రావాలని ఈ కథ చెబుతుంది. జంట పరుగు నేర్పేదీ అదే: కర్ర జారవిడిచినవారే దాన్ని తీయాలన్నది నియమం, వారు తీసేదాకా చెయ్యి చాచి నిలబడటం ప్రేమ.

పూతలపట్టు ప్రాంతంలో మామిడితోపుల నడుమ మట్టిబాటలకు కొదవ లేదు. జానెడున్నర వెదురుముక్క ఒకటి, పిల్లలు ఇద్దరు ఉంటే ఈ పరుగుకు చాలు. మొదటి బహుమతి ఒక్కరికే ఇచ్చే ఆటలు బడుల్లో చాలా ఉన్నాయి. ఇచ్చినది ఎలా తిరిగివస్తుందో కాళ్లతో తెలుసుకునే ఈ ఆటకు కూడా ఉపాధ్యాయులు ఏడాదికి ఒక ఉదయం కేటాయించాలి.